క్యాట్ (ఐఐఎంల ప్రవేశ పరీక్ష) రీడింగ్ కాంప్రహెన్షన్ (ఆర్‌సీ)లో నోట్స్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్యాసేజ్ సారాంశమంతా రాసుకుంటేనే జవాబులు వస్తాయి.

వాస్తవం: ప్రశ్నల పక్కనే ప్యాసేజ్ తెరమీద ఉంటుంది. ఉన్నదాన్నే మళ్లీ రాయడం దండగ. 2024 క్యాట్‌లో ఇంగ్లిష్ విభాగమైన వీఏఆర్‌సీలో 40 నిమిషాలకు 24 ప్రశ్నలు. వాటిలో 16 ఆర్‌సీవే, ప్యాసేజ్‌కు నాలుగు చొప్పున. ఒక్కో ప్యాసేజ్‌కు ఎనిమిది నిమిషాలు పెట్టుకుంటే, పెన్ను కదిలేది అరనిమిషం దాటకూడదు. పేరాకు ఐదారు మాటలు చాలు. అదీ పేరా పూర్తయ్యాకే రాయాలి. చదువుతూ రాస్తే ఏది ముఖ్యమో తెలియక అన్నీ రాసేస్తారు.

నగరాల్లో చెట్లపై నాలుగు పేరాల ప్యాసేజ్ అనుకోండి. నోట్స్ ఇలా ఉంటే చాలు (+ అంటే సమర్థన, ? అంటే సందేహం):

1 అందరూ: చెట్లు = చల్లదనం
2 విమర్శ: ఇరుకు వీధిలో పొగ నిలుస్తుంది
3 రచయిత +: వీధిని బట్టి చెట్టు
4 రచయిత ?: ఖర్చు ఎవరిది

ఇందులో విషయం కన్నా విలువైనది "ఎవరన్నారు" అన్న మాట. విమర్శకుల అభిప్రాయాన్ని రచయిత నోట పెట్టిన ఆప్షన్ చూడ్డానికి సరైనదిలాగే ఉంటుంది, అందులోని మాటలన్నీ ప్యాసేజ్‌లోవే కాబట్టి. అక్కడే ఎక్కువమంది పడతారు, నెగెటివ్ మార్కు పడుతుంది. రెండో పేరా విమర్శకులదని కాగితం మీద ఉంటే ఆ ఆప్షన్ వెంటనే కొట్టేయొచ్చు. అందుకే "హౌఎవర్", "యెట్" కనిపించగానే మాట ఎవరిదో మారిందా అని చూడండి.

అపోహ: పేర్లు, సంవత్సరాలు తప్పక రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. పెద్దక్షరాలు, అంకెలు తెరమీద కంటికి ఇట్టే దొరుకుతాయి. ఏ పేరాలో ఉందో తెలిస్తే చాలు.

అపోహ: నోట్స్ ఇంగ్లిష్‌లోనే ఉండాలి.

వాస్తవం: మీకు వేగంగా వచ్చే భాషలో రాయండి, తెలుగైనా సరే. రచయిత ధోరణిని మాత్రం "స్కెప్టికల్", "క్రిటికల్" అంటూ ఇంగ్లిష్ మాటల్లోనే పెట్టుకోండి. ఆప్షన్లు ఆ మాటల్లోనే వస్తాయి, మనసులో అనువాదం చేసుకునే పని తప్పుతుంది.

అపోహ: పీడీఎఫ్ ప్రింట్ తీసి గీతలు గీస్తూ చదివితే అదే అభ్యాసం.

వాస్తవం: క్యాట్ తెరపై గీత గీయలేరు. కంప్యూటర్‌పై రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో హైలైట్ సౌకర్యం ఉంది, ఇక్కడ లేదు. మాక్ టెస్టులు తెరమీదే, పక్కన తెల్లకాగితంతో రాయండి. కాగితం మీద ప్రతి ప్యాసేజ్‌కూ విడిగా గడి గీసి, పైన ప్రశ్న నంబర్లు వేయండి. వదిలేసిన ప్రశ్నకు తిరిగొచ్చినప్పుడు ఏ నోట్స్ దేనిదో వెతుక్కోనక్కర్లేదు.