ఊరి పేరు లేని జట్టు

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పెద్దమ్మ, పెదనాన్న, అన్నయ్య మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.

అన్నయ్య పంపిన బేస్‌బాల్ పోస్టరు అందిందని అమ్మ చెప్పింది. మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా, "ముప్పై జట్లలో అన్నిటికీ ఊరి పేరో రాష్ట్రం పేరో ఉంది. ఒక్కదానికి మాత్రం ఉత్తి అథ్లెటిక్స్ అని ఉంది. అచ్చు తప్పా అమ్మమ్మా?" అని. బుజ్జి ఇంకోటి అడిగింది. అన్నయ్య ఒక రోజు ఆకుపచ్చ చొక్కా, ఒక రోజు ఎరుపు, ఒక రోజు నారింజ, ఇంకో రోజు నీలం వేసుకుంటాడు, ఇంతకీ వాడిది ఏ జట్టని. ఫోన్లో అయితే అయిదు నిమిషాల్లో ముగించాలి. అంత తొందరగా చెప్పేస్తే నాకు తృప్తి ఉండదు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. మీ రెండు ప్రశ్నలకీ జవాబు నేనిప్పుడున్న ఈ ఫిలడెల్ఫియాలోనే ఉంది.

అమెరికాలో జనం వెర్రిగా చూసే పెద్ద ఆటలు నాలుగు: బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ. ఒక్కో ఆటకి ఒక్కో లీగు. అన్నీ కలిపి 124 జట్లు. వాటిలో తొమ్మిది కెనడావి, మిగతావన్నీ ఇక్కడివే. ఇంత పెద్ద దేశంలో నాలుగు ఆటల్లోనూ జట్టున్న నగరాలు, శివార్లతో కలిపి లెక్కేసినా, పన్నెండే. న్యూయార్క్, షికాగో, బోస్టన్, డల్లాస్ లాంటివి. ఫీనిక్స్ కూడా ఆ వరసలో ఉండేది. 2024లో దాని హాకీ జట్టు సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయింది. ఫిలడెల్ఫియాకి నాలుగూ ఉన్నాయి. ఆకుపచ్చ ఫుట్‌బాల్ ఈగల్స్‌ది, ఎరుపు బేస్‌బాల్ ఫిల్లీస్‌ది, నారింజ హాకీ ఫ్లయర్స్‌ది, నీలం బాస్కెట్‌బాల్ సెవెంటీ సిక్సర్స్‌ది. ఆ డెబ్బై ఆరు 1776. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు జరిగింది ఈ ఊళ్లోనే.

కాబట్టి బుజ్జీ, మీ అన్నయ్యది ఏ జట్టంటే ఫిలడెల్ఫియా. చొక్కా రంగు నెలని బట్టి మారుతుంది. వేసవి అంతా బేస్‌బాల్, ఒక్కో జట్టుకి 162 మ్యాచులు, అంటే దాదాపు రోజూ ఆటే. సెప్టెంబరులో ఫుట్‌బాల్ మొదలవుతుంది. దానికి 17 మ్యాచులే, అందుకే ప్రతిదీ పండగలా జరుపుకుంటారు. అక్టోబరులో బాస్కెట్‌బాల్, హాకీ వచ్చి చేరతాయి. ఆ నెలలో మీ పెద్దమ్మకి ఉతకాల్సిన చొక్కాలు ఎక్కువ.

ఇక్కడ నాకు ఎంతో నచ్చిన సంగతి ఇంకోటుంది. చాలా నగరాల్లో ఒక మైదానం ఒక మూల, ఇంకోటి మరో మూల ఉంటాయి. కొన్నయితే శివార్లలో ఎక్కడో ఉంటాయి. ఫిలడెల్ఫియాలో నాలుగు జట్లూ దక్షిణాన ఒక్కచోటే ఆడతాయి. ఊరి నడిబొడ్డు నుంచి బ్రాడ్ స్ట్రీట్ కింద వెళ్లే రైలెక్కి ఆఖరి స్టేషన్లో దిగితే చాలు. మొన్న వేసవిలో మీ అన్నయ్య నన్ను అలాగే తీసుకెళ్లాడు. రైల్లో ముసలివాళ్లు, చంకలో పిల్లలతో తల్లులు, అందరూ ఎర్ర చొక్కాలే. తిరునాళ్లకి పోయే బండిలో కూర్చున్నట్టే ఉంది నాకు.

బాస్కెట్‌బాల్, హాకీ ఒకే కప్పు కింద, ఒకే హాల్లో జరుగుతాయి. మంచు మీద ఆడే ఆట, చెక్క నేల మీద ఆడే ఆట ఒక్కచోట ఎలా కుదురుతాయని అడుగుతారేమో. మంచు సీజనంతా కిందే ఉంటుంది. బాస్కెట్‌బాల్ ఉన్న రోజు చలి పైకి రాకుండా మంచు మీద పలకలు పరుస్తారు. వాటి మీద చెక్క నేలని ముక్కలు ముక్కలుగా తెచ్చి బిగిస్తారు. కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ హాలు 1996లో కట్టినప్పటి నుంచి ఇప్పటికి అయిదు పేర్లు మార్చుకుంది. డబ్బిచ్చిన బ్యాంకు మారితే పేరూ మారింది, ఇప్పుడు ఒక ఫోన్ కంపెనీ పేరు. రైలు ఆఖరి స్టేషన్ పేరు కూడా అమ్మారు. పెద్దవాళ్లు మాత్రం ఇంకా పాత పేరుతో పాటిసన్ అనే అంటారు. ఇన్ని పేర్లు మారుతున్నా జట్ల ముందు ఫిలడెల్ఫియా అన్న మాట కదల్లేదు. దాని విలువ ఈ ఊరివాళ్లకి బాగా తెలుసు. ఎందుకో చెబుతాను.

నాలుగు జట్లున్న ఊరికి ఆనందం నాలుగింతలని అనుకోకండి, బాధ కూడా నాలుగింతలే. 1980 మే నెలలో బాస్కెట్‌బాల్, హాకీ జట్లు రెండూ ఫైనల్లో ఓడిపోయాయి. అక్టోబరులో బేస్‌బాల్ జట్టు గెలిచింది. 1883లో పుట్టిన జట్టు, మొదటి కప్పు కోసం 97 ఏళ్లు ఆగింది! 1981 జనవరిలో ఫుట్‌బాల్ జట్టు ఫైనల్‌కి వెళ్లి ఓడిపోయింది. ఎవరి చేతిలోననుకున్నారు? కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ చేతిలో. ఆ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1983లో బాస్కెట్‌బాల్ కప్పు వచ్చింది. తర్వాత పాతికేళ్లు నాలుగు ఆటల్లోనూ ఒక్క కప్పు రాలేదు. దానికి ఊరివాళ్లు చెప్పుకునే కారణం వినండి. 1682లో ఈ నగరాన్ని స్థాపించిన విలియం పెన్ విగ్రహం సిటీ హాల్ శిఖరం మీద ఉంటుంది. ఆయన టోపీ కన్నా ఎత్తుగా ఎవరూ కట్టకూడదని ఒక మాట ఉండేది. చట్టమేమీ లేదు, పెద్దమనుషుల ఒప్పందం. 1987లో ఒక ఆకాశహర్మ్యం ఆ ఎత్తు దాటేసింది. పెన్‌కి కోపం వచ్చింది, అందుకే ఓడిపోతున్నామని జనం అనుకున్నారు. 2007లో అంతకన్నా ఎత్తైన భవనం కడుతూ ఇనుప పనివాళ్లు చిట్టచివరి దూలం మీద చిన్న పెన్ బొమ్మ అతికించారు. మరుసటి ఏడు బేస్‌బాల్ జట్టు కప్పు గెలిచింది. నాకు ఇందులో ముచ్చటేసింది ఒక్కటే. నాలుగు ఆటలు, నాలుగు జట్లు, నాలుగు రకాల ఓటములు. వేర్వేరు కారణాలు వెతుక్కోకుండా ఊరంతటికీ దిష్టి తగిలిందనుకున్నారు చూడండి, అది ఒకే ఇంటివాళ్ల మాట.

2018లో ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే ఆ సంబరంలో జనం ఎక్కకుండా పోలీసులు దీపస్తంభాలకి ముందే జిడ్డు పూశారు. అయినా ఎక్కారు. మన ఉట్ల పండగలో నూనె మాను ఎక్కిన కుర్రాళ్లు గుర్తొచ్చారు నాకు.

ఇక చిన్నోడి ప్రశ్న. అచ్చు తప్పు కాదు నాన్నా. ఆ అథ్లెటిక్స్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1901లో. అయిదు కప్పులు గెలిచింది. మాక్ అనే ఆయన యాభై ఏళ్లపాటు ఆ ఒక్క జట్టుకే మేనేజరుగా ఉన్నాడు. కానీ చివరికి డబ్బు చాలక, జనం రాక, జట్టు చేతులు మారి 1955లో కాన్సస్ సిటీకి వెళ్లిపోయింది. అక్కడా నిలవలేదు. 1968లో ఓక్లాండ్ చేరింది. ఇక్కడి బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ కూడా అంతే. 1962లో శాన్ ఫ్రాన్సిస్కోకి పోయి, 1971లో ఓక్లాండ్ చేరింది. వారియర్స్ ఊరు వదిలిన మరుసటి ఏడాదే, 1963లో, ఫిలడెల్ఫియా ఇంకో జట్టును తెచ్చుకుంది. అదే మీ అన్నయ్య నీలం చొక్కా. అయితే అది సిరక్యూస్ అనే చిన్న ఊరి జట్టు. ఇక్కడ పిల్లలు సంబరపడిన రోజు అక్కడి పిల్లలకి జట్టు లేదు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి.

జట్లు ఇలా ఊళ్లు మారడమేంటి? జట్టుకి యజమాని ఉంటాడు, ఊరు యజమాని కాదు. లీగులో ఎన్ని జట్లుండాలో లీగే నిర్ణయిస్తుంది. ఎవరు పడితే వాళ్లు కొత్తది పెట్టలేరు. జట్లు తక్కువ, కావాలనే ఊళ్లు ఎక్కువ. దాంతో "కొత్త స్టేడియం కట్టించండి, లేకపోతే వెళ్లిపోతాం" అనగల బలం యజమానికి వస్తుంది. మన హైదరాబాద్‌కీ మొదట డెక్కన్ ఛార్జర్స్ ఉండేది, 2009లో ఐపీఎల్ గెలిచింది. 2012 తర్వాత లేదు. మీ నాన్నని అడగండి, చెబుతాడు.

ఓక్లాండ్‌కి ఒకప్పుడు మూడు జట్లు. 2019లో వారియర్స్ అఖాతం దాటి మళ్లీ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లింది. 2020లో ఫుట్‌బాల్ జట్టు లాస్ వేగాస్ వెళ్లింది. మిగిలింది అథ్లెటిక్స్ ఒక్కటే. దాన్ని కూడా లాస్ వేగాస్‌కి రప్పించుకోవడానికి, ఆ నగరం ఉన్న నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల సొమ్ము ఇస్తానంది. ఓక్లాండ్ అభిమానులు 2023 జూన్‌లో ఒక రోజు 27 వేల మందికి పైగా వచ్చి, "జట్టుని అమ్మేయ్" అని యజమానికి వినపడేలా అరిచారు. ఫలితం లేదు. 2024 సెప్టెంబరు 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్. 46,889 మంది వచ్చారు. అథ్లెటిక్స్ గెలిచింది. అయిపోయాక కూడా జనం కదల్లేదు. మైదానం మట్టి తీసుకుని గుర్తుగా ఇంటికి పట్టుకెళ్లారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే అనే ఊరు మాత్రం ఫుట్‌బాల్ జట్టును వందేళ్లుగా కాపాడుకుంటోంది. దానికి ఒక్కడు యజమాని కాదు. లక్షలమంది అభిమానులు వాటాలు కొన్నారు. లాభం పంచుకోరు, జట్టు ఊళ్లో ఉంటే చాలనుకుంటారు. అన్ని ఊళ్లకీ ఆ దారి ఉంటే ఎంత బాగుండేదో.

లాస్ వేగాస్‌లో స్టేడియం 2028కి సిద్ధం చేయాలని పనులు చేస్తున్నారు. అందాకా అథ్లెటిక్స్ శాక్రమెంటో దగ్గర ఒక చిన్న మైదానంలో ఆడుతోంది. ఆ ఊరి పేరు పెట్టుకోలేదు, వదిలిన ఊరి పేరు వాడుకోలేదు. అందుకే నీ పోస్టర్లో అలా ఉంది. ఆ ఖాళీలో ఏదైనా రాయాలనిపిస్తే పెన్నుతో వద్దు, పెన్సిల్‌తో సన్నగా మూడు పేర్లూ రాసుకో: ఫిలడెల్ఫియా, కాన్సస్ సిటీ, ఓక్లాండ్.

సంక్రాంతికి వచ్చేస్తాను. బుజ్జీ, నీకు ఏ రంగు చొక్కా కావాలో అమ్మతో చెప్పించు.

ఇట్లు
మీ అమ్మమ్మ