జేబు లెన్స్‌తో ప్రకృతిని చూడటం: అపోహలు - వాస్తవాలు

జేబులో పట్టే లెన్స్ కొన్నవాళ్లలో చాలామంది దాన్ని రెండు మూడు ఆకుల మీద పెట్టి చూసి, అంతా మసకగా ఉందని సొరుగులో పడేస్తారు. నిజానికి లెన్స్‌లో లోపం ఉండటం అరుదు. దాన్ని ఎలా పట్టుకోవాలి, వెలుగు ఎటునుంచి పడాలి, ఎన్ని రెట్లది కొనాలి అన్న మూడు విషయాల్లో ఉన్న అపోహలే అసలు అడ్డంకి.

అపోహ: భూతద్దాన్ని వస్తువు దగ్గర పెట్టి, మనం కాస్త వెనక్కి జరిగి చూడాలి.

వాస్తవం: రెండు మూడు రెట్లు మాత్రమే పెంచి చూపే పెద్ద భూతద్దానికి ఆ పద్ధతి సరిపోతుంది. పది రెట్ల లెన్స్‌ని, అంటే 10ఎక్స్‌ని అలా పట్టుకుంటే గాజులో చిటికెడంత భాగమే కనిపిస్తుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అదీ జారిపోతుంది. తలుపు సందుకు కన్ను ఆనిస్తే గదంతా కనిపిస్తుంది, బారెడు దూరం నుంచి చూస్తే ఎదుటి గోడ ముక్క కనిపిస్తుంది. ఇక్కడా అంతే.

కాబట్టి లెన్స్ కంటి దగ్గరే ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య తొడుగు పట్టుకుని ఆ చేతిని చెంపకు ఆనించండి. కంటికీ గాజుకీ మధ్య రెండు సెంటీమీటర్లు దాటకూడదు. రెండో చేత్తో ఆకునో పువ్వునో మెల్లగా దగ్గరికి తీసుకురండి. 10ఎక్స్ అయితే గాజు నుంచి సుమారు 25 మి.మీ. దగ్గర ఒక్కసారిగా స్పష్టత వస్తుంది. అక్కడ రెండు చేతుల వేళ్లనూ ఒకదానికొకటి ఆనించండి. అప్పుడు చేతులు వణికినా కలిసే వణుకుతాయి, బొమ్మ కదలదు. చెట్టు బెరడు, బండ మన దగ్గరికి రావు కనుక లెన్స్‌ని కంటి దగ్గరే ఉంచి తలతో పాటు ముందుకు వంగాలి, రెండో చేతిని బెరడు మీద ఊతంగా పెట్టుకోవాలి. రెండో కన్ను మూయనక్కర్లేదు. మూస్తే ముఖ కండరాలు బిగుసుకుని ఐదు నిమిషాల్లోనే అలసట వస్తుంది. తెరిచి ఉంచినా, కొద్దిసేపటికి మెదడు ఆ దృశ్యాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

అపోహ: ఎక్స్ ఎంత ఎక్కువైతే లెన్స్ అంత మంచిది.

వాస్తవం: కొనేవాళ్లని ఎక్కువగా దారి తప్పించేది ఇదే. లెన్స్ శక్తికీ వస్తువు దూరానికీ మధ్య ఒక తేలిక లెక్క ఉంది. 250ని ఎక్స్‌తో భాగిస్తే నాభ్యంతరం, అంటే స్పష్టంగా కనిపించడానికి గాజు నుంచి వస్తువు ఉండాల్సిన దూరం, మి.మీ.లలో వస్తుంది. 5ఎక్స్‌కి 50 మి.మీ., 10ఎక్స్‌కి 25, 20ఎక్స్‌కి పన్నెండున్నర. అంటే 20ఎక్స్‌తో చూడాలంటే పువ్వు దాదాపు గాజుకు తగిలేంత దగ్గరికి రావాలి. అంత దగ్గరికొస్తే మీ తల నీడ దానిమీద పడుతుంది, పురుగైతే పారిపోతుంది.

ఇంకో ఇబ్బంది లోతుది. శక్తి రెట్టింపైతే ఒకేసారి స్పష్టంగా కనిపించే మందం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 10ఎక్స్‌లో చీమ తల, నడుము, కాళ్లు కలిపి చూడొచ్చు. 20ఎక్స్‌లో కన్ను స్పష్టంగా ఉంటే కాలు మసకబారుతుంది. కనిపించే వెడల్పూ తగ్గుతుంది, వణుకు మాత్రం రెట్టింపవుతుంది. అందుకే మొదటి లెన్స్ 10ఎక్స్, గాజు వ్యాసం 18 నుంచి 21 మి.మీ. ఉన్నది తీసుకోండి. పిల్లలకైతే 5ఎక్స్ ఇంకా మేలు, కదిలే పురుగులనూ దానితో పట్టుకోగలరు. తేమ చోట్ల పచ్చగా పరుచుకునే మాస్ మొక్కలు, రాళ్ల మీద, బెరడు మీద మచ్చల్లా పెరిగే లైకెన్లు పేరు పట్టి గుర్తించే దశకు వచ్చాక 20ఎక్స్ కొనొచ్చు.

అపోహ: తొడుగు మీద 30ఎక్స్ అని రాసి ఉంటే అది 30ఎక్సే.

వాస్తవం: 30ఎక్స్‌కి నాభ్యంతరం సుమారు 8 మి.మీ. ఉండాలి. 21 మి.మీ. వెడల్పున్న మామూలు గాజును పూర్తి గోళంగా చేసినా దాని నాభ్యంతరం 16 మి.మీ. దగ్గరే ఆగుతుంది, అంటే దాదాపు 16ఎక్స్. గోళం కంటే ఉబ్బెత్తుగా గాజును చెయ్యలేం. కాబట్టి 21 మి.మీ. వెడల్పున్న పలచటి ఒంటి గాజు మీద 30ఎక్స్ అని ఉంటే నమ్మకండి.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర తెల్ల కాగితం పట్టుకుని, లెన్స్‌ని దాని ముందు కదపండి. బయట దూరంగా ఉన్న చెట్టు బొమ్మ తలకిందులుగా, స్పష్టంగా పడిన చోట గాజుకీ కాగితానికీ మధ్య దూరం కొలవండి, అదే నాభ్యంతరం. 250ని ఆ మి.మీ.లతో భాగిస్తే అసలు శక్తి తెలుస్తుంది. తర్వాత గళ్ల కాగితాన్ని లెన్స్‌లో చూడండి. అంచుల్లో గీతలు వంగినా, నీలం, ఎరుపు అంచులు కట్టినా అది ఒంటి గాజు. మూడు గాజు ముక్కలు అతికించి చేసిన ట్రిప్లెట్‌లో గీతలు అంచుదాకా దాదాపు తిన్నగా ఉంటాయి. ఎక్స్ పెంచడానికి పెట్టే డబ్బు ట్రిప్లెట్‌కి పెట్టడమే సరైన పని.

అపోహ: మైక్రోస్కోప్ లేకుండా ఒంటి లెన్స్‌తో చెప్పుకోదగ్గది ఏదీ కనిపించదు.

వాస్తవం: డచ్ పరిశోధకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1674లో చెరువు నీటిలో సూక్ష్మజీవులను చూసింది ఒకే ఒక్క చిన్న గాజుతో, దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని. ఇప్పటికీ మిగిలి ఉన్న ఆయన పరికరాల్లో ఒకటి సుమారు 270 రెట్లు పెంచి చూపుతుంది. మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించి 2014లో వివరాలు ప్రచురించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ కూడా ఆ దారిలోదే. అందులోనూ చిన్న గోళం లాంటి గాజు ఉంటుంది, 140 రెట్లు చూపుతుంది.

అంత శక్తి అక్కర్లేకుండానే 10ఎక్స్‌తో చూడాల్సింది బోలెడంత ఉంది. మామూలు కన్ను 25 సెం.మీ. దూరం నుంచి ఒక మి.మీ.లో పద్నాలుగో వంతు దాకా విడదీసి చూడగలదు. 10ఎక్స్‌తో అందులోనూ ఇంచుమించు పదో వంతు దాకా విడదీసి చూడొచ్చు.

గడ్డికి పూలుండవనుకుంటాం. పూతకొచ్చిన గడ్డి కంకిని పొద్దున్నే చూడండి. ఈకల్లాంటి కీలాగ్రాలు (పువ్వులో ఆడ భాగం కొసలు), సన్నని తాళ్లకు వేలాడే కేసరాలు (పుప్పొడినిచ్చే మగ భాగాలు) కనిపిస్తాయి. గాలిలో తేలే పుప్పొడిని పట్టుకోవడానికే కీలాగ్రం ఈకలా చీలి ఉంటుంది. చామంతి పువ్వు మధ్యనున్న పసుపు బిళ్ల నిజానికి వందల పూలు, ఒక్కోదానికి ఐదు రెక్కల చిన్న గొట్టం. ఫెర్న్ ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు సిద్ధబీజాశయాల గుత్తులు, అంటే విత్తనాలకు బదులు ఫెర్న్ వెదజల్లే సన్నని సిద్ధబీజాలుండే సంచులు. ఆకు ఆరేకొద్దీ అవి వెనక్కి సాగి, ఒక్కసారిగా ముందుకు కొట్టుకుని సిద్ధబీజాలను విసిరేస్తాయి. ఓపిగ్గా చూస్తే ఆ ఎగురుడు లెన్స్ కింద దొరుకుతుంది. పేనుబంక వీపు చివర రెండు చిన్న గొట్టాలు, చీమ మీసాలతో దాన్ని తడుముతుంటే వెనక నుంచి ఊరే తీపి బొట్టు, ఆకు అడుగున సన్నని గూడులో ఎర్రనల్లి, పూల లోపల తామర పురుగులు ఇవన్నీ 10ఎక్స్‌కే అందుతాయి. గ్రానైట్ రాయి కొత్తగా పగిలిన ముఖాన్ని లెన్స్ కింద మెల్లగా తిప్పండి. అద్దంలా తళుక్కుమని ఆరిపోయే చదును ముఖాలు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానివి, ఎటు తిప్పినా గాజు పెంకులా ఉండేది క్వార్ట్జ్ అనే ఖనిజం.

అపోహ: నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే బాగా కనిపిస్తుంది.

వాస్తవం: నిటారుగా పడే వెలుగు నీడలు లేకుండా చేసి, నూగు, గరుకుదనం, గుంటలు అన్నిటినీ చదును చేస్తుంది. పొద్దున, సాయంత్రం పక్కనుంచి పడే వెలుగే మంచిది. సూర్యుడు మీ భుజం పక్కన ఉండేలా తిరగండి. ఆకు ఈనెలు చూడాలంటే ఆకును ఆకాశం వైపు ఎత్తి, వెనకనుంచి వెలుగు రానివ్వండి. సూర్యుడి వైపు మాత్రం కాదు. ఏ లెన్స్‌లోంచైనా సూర్యుణ్ణి చూస్తే కంటి తెర శాశ్వతంగా దెబ్బతింటుంది.

అపోహ: కళ్లజోడు ఉన్నవాళ్లకు లెన్స్ పనికిరాదు.

వాస్తవం: దగ్గర చూపు, దూరపు చూపు తేడాలను వస్తువును కొంచెం ముందుకో వెనక్కో జరిపి సరిచేసుకోవచ్చు, కళ్లజోడు తీసేయండి. సిలిండర్ నంబరు ఎక్కువగా ఉంటే జోడు ఉంచుకోండి.

అపోహ: బాగా చూడాలంటే తెంపి ఇంటికి తీసుకెళ్లాలి.

వాస్తవం: తెంపిన పువ్వు ఇంటికి చేరేలోపు వాడిపోతుంది, పురుగు మూత పెట్టిన డబ్బాలో చచ్చిపోతుంది. రక్షిత అడవుల్లో తెంపడమే నేరం కావచ్చు. మోకాళ్ల మీద కూర్చుంటే చాలు. ఎండి ముడుచుకున్న మాస్ మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లితే చాలా రకాల్లో ఆకులు కళ్లముందే విచ్చుకుంటాయి. పురుగుల్ని చల్లటి పొద్దుటి పూట చూడండి, ఒళ్లు వెచ్చబడేదాకా అవి మందకొడిగా ఉంటాయి. తప్పనిసరైతే పారదర్శకమైన డబ్బాలో రెండు నిమిషాలు, నీడలో ఉంచి, పట్టిన చోటే వదిలేయండి.

అపోహ: బైనాక్యులర్స్ పక్షులకే, అందులోనూ 10ఎక్స్ ఉత్తమం.

వాస్తవం: 8×42 అంటే ఎనిమిది రెట్లు, ముందు గాజు 42 మి.మీ. 42ని 8తో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు కట్ట వెడల్పు, ఐదుంపావు మి.మీ. 10×25లో అది రెండున్నరే. చెట్ల నీడలో కనుపాప పెద్దదవుతుంది కనుక 10×25లో చీకటిగా కనిపిస్తుంది. చేతిలో 8ఎక్స్ నిలకడగానూ ఉంటుంది. రెండు మీటర్ల దగ్గరికి ఫోకస్ అయ్యేది ఎంచుకుంటే సీతాకోకచిలుకలు, తూనీగలు భయపడకుండా దొరుకుతాయి. చాలామంది వదిలేసే సర్దుబాటు ఒకటుంది. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టం చేసుకోండి, తర్వాత ఎడమకన్ను మూసి కుడి గొట్టం దగ్గరి రింగు తిప్పండి. లెన్స్ మరిచిపోయిన రోజు బైనాక్యులర్స్‌ని తిరగేసి, కంటి వైపు గాజుకు కొద్ది సెంటీమీటర్లలో వస్తువు పెట్టి పెద్ద గాజులోంచి చూస్తే అదే భూతద్దం.

అపోహ: చొక్కా అంచుతో తుడిస్తే సరిపోతుంది.

వాస్తవం: దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో క్వార్ట్జ్ కాఠిన్యం 7, మామూలు గాజుది దాదాపు ఐదున్నర. పొడిగా రుద్దితే గీతలు ఖాయం. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి, తర్వాత మెత్తటి కుంచె, చివర్లో కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ. ఉప్పునీరు తగిలితే మంచినీళ్లతో కడిగాకే తుడవాలి. ట్రిప్లెట్‌ని స్పిరిట్‌లోనో అసిటోన్‌లోనో ముంచకండి, గాజుల మధ్య జిగురు పాడవుతుంది. తేమ కాలంలో సిలికా జెల్ సంచితో పాటు డబ్బాలో పెట్టండి, లేకపోతే గాజు మీద బూజు పడుతుంది.

లెన్స్‌కి ఎరుపో నారింజో రంగు తాడు కట్టి మెడలో వేసుకోండి. గడ్డిలో జారిపడిన నల్లటి తొడుగు మళ్లీ దొరకదు. పైగా గాజు తెరిచి ఉండి ఎండుగడ్డి మీద ఎండలో పడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది, అందుకే చూడటం అయిన వెంటనే తొడుగులోకి మడిచేయండి.