పొలం నా పేరున లేదుగా, నాకేం వస్తదిలే: తుఫాను నష్టం, కౌలు రైతులు, కొన్ని అపోహలు

తుఫాను తీరం దాటిన మర్నాటి నుంచి నాకొచ్చే ఫోన్లన్నీ ఒకే రకం. పంట నష్టం లిస్టుల విషయంలో కౌలు రైతులకి సాయం చేసే పని నాది, అందుకే మళ్ళీ మళ్ళీ చెప్పేవి ఒకచోట రాస్తున్నా.

అపోహ: తుఫానుకి పేదా గొప్పా తేడా లేదు.
గాలికి లేదు, ఒప్పుకుంటా. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేల మంది పోయారు. ఆ రాత్రి మేడ ఎక్కగలిగింది ఎవరో, పూరిపాకలో ఉండిపోయింది ఎవరో అక్కడి పెద్దోళ్ళని అడగండి, చెప్తారు.

అపోహ: పొలం నా పేరున లేదు కాబట్టి నష్టపరిహారం నాకు రాదు.
జనాన్ని నిలువునా ముంచేది ఇదే. ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట పోయినప్పుడు సర్కారు ఇచ్చే సాయం, పంట పోయినోడికి, పట్టా ఉన్నోడికి కాదు. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే అర్హత ఉన్నట్టే. కానీ లిస్టు తయారయ్యేది ఈ-క్రాప్ చూసి, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో సర్కారు ఆన్‌లైన్లో ఎక్కించుకునే లెక్క చూసి. అందులో ఓనర్ పేరు ఉంటే డబ్బులు ఆయన అకౌంట్లోనే పడతాయి, ఆయన హైదరాబాద్‌లో ఉన్నా సరే అమెరికాలో ఉన్నా సరే.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటాక ఒక ఊరెళ్ళాం. కోసి పనల మీదున్న వరి మొత్తం నీళ్ళలోనే ఉంది. భర్త పోయిన ఒకావిడ కౌలుకి చేస్తోంది, ఒక పన పైకి తీసి కంకి నలిపి చూపించింది, గింజగింజకీ తెల్లగా మొలక. "ఇది ఎవరు కొంటారు బాబూ, కౌలు బస్తాలు మాత్రం కొలవాలి గదా" అంది. ఈ-క్రాప్‌లో ఎవరి పేరుందమ్మా అంటే "ఆసామిదే, మనకెందుకులే అనుకున్నా" అంది. విత్తనాలు, ఎరువులు, నాట్ల కూలీ అన్నీ అప్పు తెచ్చి పెట్టింది ఆవిడే!

మరి కౌలు రైతునని చూపించే కౌలు కార్డు తీసుకోవచ్చుగా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి కౌలు చట్టం కింద ఇచ్చిన కార్డుకి ఓనర్ సంతకం అక్కర్లేకుండా ఉండేది, 2019 చట్టం వచ్చాక సంతకం తప్పనిసరి చేశారు, అక్కడే వచ్చింది తంటా. సంతకం పెడితే పొలం పోతదని ఎవడో పుట్టించిన పుకారు ఊళ్ళో తిరుగుతానే ఉంటది. ఆసాములూ, కాస్త వినండి: మీరు సంతకం పెట్టే ఒప్పందం 11 నెలలకే, హక్కు పంట మీదే, మీ భూమి పట్టాకి ఏమీ కాదు. భయపడేవాళ్ళని అర్థం చేసుకోగలను గానీ, తెలిసీ పుకారు మోసేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతది.

అపోహ: పేదోళ్ళు ఎంత పిలిచినా తుఫాను షెల్టర్‌కి రారు, మొండోళ్ళు.
గేదెని, మేకల్ని, వలల్ని ఎక్కడ పెట్టి రమ్మంటారు? వాళ్ళ ఆస్తంతా అదే. పశువులకి చోటు చూపించి అప్పుడు పిలవండి.

అపోహ: పోర్టులో పదో నంబర్ ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఊళ్ళన్నీ ఖాళీ చేయాల్సిందే.
ఆ హెచ్చరికలు ఓడలకీ పోర్టుకీ. మీ ఊరి సంగతి తహసీల్దార్ ఆఫీసు చెప్తది, వాట్సాప్ కాదు.

ఇంకోటి, ఇది ఇప్పుడే చేయండి. నాట్లు అవ్వగానే ఈ-క్రాప్‌లో మీ పేరే ఎక్కించమని అడగండి, వేలిముద్ర మీదే పడేట్టు చూసుకోండి. తుఫాను తర్వాత లిస్టు మీ గ్రామ సచివాలయంలో అంటిస్తారు, పేరు లేకపోతే అభ్యంతరం చెప్పడానికి టైమ్ కొద్ది రోజులే ఉంటది. నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చి, రసీదు తీసుకోండి.