ఐస్ డాన్స్‌లో మీ జంట ఎందుకు ఓడిందంటే: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని మిషిగన్‌లో కాంటన్, నోవై చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో కొత్తగా చెప్పక్కర్లేదు. కొన్నేళ్లపాటు ఐస్ డాన్స్ ప్రపంచానికి ఈ ఊళ్లే రాజధాని అన్న సంగతి మాత్రం ఇక్కడ ఉండేవాళ్లలోనూ చాలామందికి తెలియదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడా జంట టెస్సా వర్చూ, స్కాట్ మోయర్‌కు స్వర్ణం, అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్‌కు రజతం. 2014 సోచిలో అవే రెండు జంటలు, పతకాలు తారుమారు. నలుగురూ సాధన చేసింది కాంటన్‌లో, ఒకే రింకులో.

నేను ఈ చుట్టుపక్కలే పిల్లలకు, ఆఫీసు అయ్యాక వచ్చే పెద్దవాళ్లకు ఐస్ డాన్స్ నేర్పుతాను. ఒలింపిక్సో వరల్డ్ ఛాంపియన్‌షిప్సో మొదలైతే చాలు, తెలిసినవాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు వరస కడతాయి. సగం మెసేజ్‌లలో ఒకటే మాట: "మా జంటకు అన్యాయం జరిగింది." కొన్నిసార్లు నిజంగానే జరుగుతుంది. ఎక్కువసార్లు మాత్రం అభిమాని చూసింది ఒకటి, మార్కులు పడింది ఇంకొకదానికి. అలాంటివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జంప్‌లు రానివాళ్లు చేసే పెయిర్స్ స్కేటింగే ఐస్ డాన్స్.

రెండూ వేరు వేరు ఆటలు. పెయిర్స్‌లో అమ్మాయిని గాల్లోకి విసురుతారు, చేయి తలపైకి చాపి మోస్తారు, పక్కపక్కనే జంప్‌లు వేస్తారు. ఐస్ డాన్స్‌లో విసరడం లేదు, రెండు మూడు చుట్ల జంప్‌లు లేవు, ఎత్తిన చేయి తలపైకి చాపి నిలపకూడదు. లిఫ్ట్‌కు, అంటే భాగస్వామిని ఎత్తి మోయడానికి, కూడా గడియారం ఉంటుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం మామూలు లిఫ్ట్ 7 సెకన్లు, రెండు కలిపి చేసే లిఫ్ట్ 12 సెకన్లు. దాటితే ఒక పాయింటు కోత. మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, ఒకటి సింగిల్స్‌లో, ఒకటి అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో. చక్రాల మీద కూడా పెయిర్స్ వేరు, డాన్స్ వేరు.

మరి జంప్‌లు తీసేస్తే ఏం మిగులుతుంది? ఎడ్జ్ మిగులుతుంది. స్కేటు బ్లేడు అడుగున మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, దానికి అటొక అంచు, ఇటొక అంచు. పాదం లోపలికి వాలితే ఇన్‌సైడ్ ఎడ్జ్, బయటికి వాలితే ఔట్‌సైడ్ ఎడ్జ్. ఐస్ డాన్స్ అంతా ఏ అడుగు ఏ అంచు మీద పడింది, ఎంత లోతుగా వాలింది, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు శుభ్రంగా మారిందా లేదా అన్నదాని మీదే నడుస్తుంది. అదీ భాగస్వామికి అతి దగ్గరగా ఉండి, వేగం తగ్గకుండా. డాన్స్ బ్లేడు వెనక భాగం మిగతా వాటికంటే పొట్టిగా ఉండేది అందుకే. లేకపోతే ఒకరి మడమ ఇంకొకరి బ్లేడుకు తగిలి ఇద్దరూ మంచు మీద పడి ఉంటారు.

టీవీలో చూసేటప్పుడు కళ్లు ముఖాల మీదికే పోతాయి. కూచిపూడి చూస్తూ అభినయంలో మునిగిపోయి జతులు వదిలేసే ప్రేక్షకుల్లాగే ఇక్కడా సగం ఆట కళ్ల ముందే జారిపోతుంది. రెండోసారి చూసేటప్పుడు నడుము పైభాగాన్ని పట్టించుకోకుండా చూడండి. ముఖ్యంగా ట్విజిల్స్ దగ్గర. ట్విజిల్ అంటే ఒంటికాలి మీద తిరుగుతూనే ముందుకు సాగిపోవడం. ఒకచోట నిలబడి తిరిగితే అది ట్విజిల్ కాదు. ఇద్దరూ పక్కపక్కన తిరుగుతున్నప్పుడు మధ్య దూరం పెరుగుతోందా, ఒకరు అర చుట్టు వెనకబడ్డారా, గాల్లో ఉండాల్సిన కాలు ఒక్క క్షణం మంచుకు తగిలిందా చూడండి. 2018-19 సీజన్ నుంచి ట్విజిల్స్‌లో అమ్మాయికి, అబ్బాయికి లెవెల్, అంటే ఎంత కష్టంగా చేశారన్నదాన్ని బట్టి ఇచ్చే స్థాయి, విడివిడిగా ఇస్తున్నారు. "ఇద్దరూ బాగానే చేశారు కదా" అని మీరనుకున్న చోట ఒకరికి నాలుగో లెవెల్, ఇంకొకరికి రెండో లెవెల్ పడి ఉండొచ్చు.

అపోహ: 2018లో డ్రెస్ ఊడడం వల్లే ఫ్రెంచ్ జంటకు స్వర్ణం పోయింది.

ఇన్నేళ్లయినా ఇంకా అడుగుతూనే ఉన్నారు. దక్షిణ కొరియాలోని గాంగ్నంగ్ ఐస్ అరీనా, ఫిబ్రవరి 19, షార్ట్ డాన్స్, అంటే రెండు రోజుల పోటీలో మొదటి రోజుది. ఫ్రాన్స్ జంట గాబ్రియెల్లా పపడాకిస్, గియోమ్ సిజెరాన్ మొదలుపెట్టిన కాసేపటికే ఆమె దుస్తుల మెడ దగ్గర హుక్కు ఊడింది. ఆగిపోకుండా ఆమె మొత్తం పూర్తి చేసింది. చూసినవాళ్లందరికీ గుండె ఆగినంత పనైంది.

దానికి ప్రత్యేకంగా మార్కు కోత పడలేదు. దుస్తుల్లో ఏదైనా భాగం ఊడి మంచు మీద పడితేనే కోత. వాళ్లకు ఆ రోజు 81.93, వర్చూ, మోయర్‌కు 83.67. తేడా 1.74. మర్నాడు ఫ్రీ డాన్స్‌లో ఫ్రెంచ్ జంట బీథోవెన్ సంగీతానికి చేసినదానికి 123.35 వచ్చింది, అప్పటికి ప్రపంచ రికార్డు. మొత్తం 205.28. వాళ్ల తరవాత దిగిన వర్చూ, మోయర్‌కు 121.61 వచ్చి ఉంటే మొత్తాలు సమానమయ్యేవి. సమానమైతే ఫ్రీ డాన్స్‌లో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లదే గెలుపు కాబట్టి స్వర్ణం ఫ్రాన్స్‌కు వెళ్లేది. వచ్చింది 122.40. మొత్తం 206.07. ఒలింపిక్ స్వర్ణం 0.79 తేడాతో కెనడాకు పోయింది.

అంటే రెండో రోజు ఫ్రెంచ్ జంట గెలిచింది, పోటీ మాత్రం ఓడింది. "ఫ్రీ డాన్స్‌లో ఫస్ట్ వచ్చినవాళ్లకు స్వర్ణం ఎందుకివ్వలేదు" అని తిట్టినవాళ్లు రెండు రోజుల మార్కులు కూడతారన్న సంగతి మర్చిపోయారు. హుక్కు వల్ల ఆమె ధ్యాస చెదిరి ఎక్కడో కాస్త తగ్గి ఉండొచ్చు, కాదనను. ఏదో ఒక స్టెప్ సీక్వెన్స్‌లో, అంటే అడుగుల వరసలో, ఒక్క లెవెల్ తగ్గినా 0.79 కంటే ఎక్కువే పోతుంది. కానీ ఆ తగ్గింది హుక్కు వల్లనే అని ఏ మార్కుల షీటూ చెప్పదు. నన్నడిగితే రెండు జంటల్లో ఎవరికిచ్చినా తప్పనలేని ఫలితం అది. నా మనసు మాత్రం ఫ్రెంచ్ వాళ్ల ఫ్రీ డాన్స్ దగ్గరే ఉండిపోయింది.

ఇంకో ముచ్చట. ఆ రెండు జంటలకూ కోచ్‌లు ఒకరే, మాంట్రియల్‌లో మారీ-ఫ్రాన్స్ డుబ్రేయి, పాట్రిస్ లోజాన్. అభిమానులు ఆన్‌లైన్‌లో కొట్టుకుంటుంటే వీళ్లేమో రోజూ ఒకే మంచు మీద ఒకరి పక్కన ఒకరు సాధన చేశారు.

అపోహ: స్కోరు వచ్చాక తగ్గించారు, అంటే ఏదో మోసం ఉంది.

తెర మూలన కదిలే టెక్నికల్ స్కోరు తాత్కాలికం. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ టెక్నికల్ ప్యానెల్ ప్రతి అంశానికీ లెవెల్ చెబుతూ పోతుంది. అనుమానం ఉన్నదాన్ని పక్కన పెట్టి, అయిపోయాక వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తుంది. జంట కిస్ అండ్ క్రై బెంచీ మీద నీళ్లు తాగుతూ ఎదురుచూసేది అందుకే. ఆ వెతుకులాటలో లెవెల్ పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. ఆలస్యం ఎంత ఎక్కువైతే నాకు అంత గుబులు, ఎందుకంటే ఎడ్జ్ దగ్గర ఏదో తేలక చూస్తున్నారన్నమాట.

లెవెల్ ఇచ్చేది జడ్జీలు కాదు. జడ్జీలు తొమ్మిది మంది విడిగా కూర్చుంటారు. ఒక్కో అంశం ఎంత బాగా చేశారో మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వాళ్లు వేస్తారు. దాంతోపాటు మొత్తం ప్రోగ్రాం కూర్పు, ప్రదర్శన, స్కేటింగ్ నైపుణ్యం, ఈ మూడింటికీ మార్కులు. ప్రతిదాంట్లో పైదొకటి, కిందదొకటి తీసేసి మిగతా ఏడింటి సగటు. కాబట్టి "ఫలానా దేశం జడ్జి మనవాళ్లకు తక్కువేసింది" అన్నప్పుడు ఆ మార్కు చాలాసార్లు ముందే ఎగిరిపోయి ఉంటుంది.

అపోహ: ఐస్ డాన్స్ ఫలితాలు ముందే రాసి పెట్టుకుంటారు.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 1998 నగానో ఒలింపిక్స్ సమయంలో ఒక జడ్జి ఐస్ డాన్స్ స్థానాలు పోటీకి ముందే ఫోన్‌లో చెప్పుకుపోతుంటే అవతలి జడ్జి రికార్డు చేసింది. ఆయన మీద సస్పెన్షన్ వేటు పడింది. 2002 సాల్ట్ లేక్ సిటీలో, రష్యా జంటకు ఓటెయ్యమని ఫ్రెంచ్ జడ్జి మీద ఒత్తిడి తెచ్చారన్న పెయిర్స్ గొడవ బద్దలైనప్పుడు, దానికి బదులుగా ఐస్ డాన్స్‌లో ఓట్ల మార్పిడి జరిగిందన్న ఆరోపణ కూడా వచ్చింది. ఆ గొడవ పుణ్యమా అనే 6.0 అత్యధిక మార్కుగా ఉండే పాత పద్ధతి పోయి, 2004 నుంచి ఇప్పటి పాయింట్ల పద్ధతి వచ్చింది.

పాత పద్ధతి మీద మమకారం ఉన్నవాళ్లు 1984 సరయెవో గుర్తు చేస్తారు. బ్రిటన్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ ఫ్రీ డాన్స్‌కు పన్నెండు 6.0లు పడ్డాయి, కళాత్మకతకు తొమ్మిదికి తొమ్మిది. చూడముచ్చటైన రోజే, సందేహం లేదు. కానీ ఆ పద్ధతిలో మార్కు ఎంతన్నది కాదు, దానివల్ల వచ్చే ర్యాంకే లెక్క. ఎందుకు ఆ ర్యాంకు ఇచ్చావని జడ్జిని అడగడానికి కాగితం మీద ఏమీ ఉండేది కాదు.

కొత్త పద్ధతితో పాటు జడ్జీల పేర్లు దాచే విధానం కూడా తెచ్చారు, నా దృష్టిలో అది తప్పుడు పని. 2016లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఏ జడ్జి ఏ లిఫ్ట్‌కు ఎంత వేశారో పేరుతో సహా ప్రోటోకాల్ షీట్‌లో అచ్చవుతుంది, పోటీ అవ్వగానే నెట్‌లో పెడతారు. పేరున్న జంటకు కూర్పు, ప్రదర్శన మార్కులు కాస్త ఉదారంగా పడతాయన్నది నిజం. మొన్నటిదాకా పన్నెండో స్థానంలో ఉన్న జంట అదే నాణ్యతతో చేసినా అంత రావు. అది లోపమే. కుట్ర అనడానికి మాత్రం షీట్ చదివి మాట్లాడాలి.

అపోహ: పడిపోతే ఇక అంతే.

ఒకరు పడితే ఒక పాయింటు, ఇద్దరూ పడితే రెండు. అసలు దెబ్బ ఆ కోత కాదు. పడ్డది స్టెప్స్ మధ్యలో అయితే ఆ అంశానికి లెవెల్ పోతుంది, జడ్జీలిచ్చేదీ మైనస్‌లోకి పోతుంది. ఒక అంశానికీ ఇంకో అంశానికీ మధ్య, ఊరికే సాగుతున్నప్పుడు పడితే నష్టం తక్కువ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

అపోహ: మంచు మీద అంత ప్రేమ ఉందంటే బయట కూడా ఉన్నట్టే.

అమెరికా జంట మాడిసన్ చాక్, ఎవాన్ బేట్స్ 2024లో పెళ్లి చేసుకున్నారు, నిజమే. వర్చూ, మోయర్ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే, 1997లో, జతకట్టారు. లోకమంతా పెళ్లెప్పుడు అని అడిగింది, వాళ్లు స్కేటింగ్ భాగస్వాములుగానే ఉండిపోయారు. 2018లో కాంస్యం గెలిచిన మాయా, అలెక్స్ షిబుటానీ అన్నాచెల్లెళ్లు. ప్రేమకథలే ఎక్కువగా నడిచే ఆటలో ఆ ఇద్దరూ వేరే రకం కథ వెతుక్కుని పతకం దాకా వచ్చారు. దానికి రావాల్సినంత పేరు రాలేదని నాకనిపిస్తుంది.

అపోహ: నచ్చిన పాట పెట్టుకుని నచ్చినట్టు ఆడతారు.

ఫ్రీ డాన్స్‌లో కొంతవరకు అంతే. మొదటి రోజు మాత్రం కాదు. ఆ రోజు చేసే రిథమ్ డాన్స్‌కు, 2018 దాకా షార్ట్ డాన్స్ అనేవాళ్లు, ప్రతి సీజన్‌కూ ఒక లయ, ఒక శైలి ముందే నిర్ణయిస్తారు. 2009-10 సీజన్‌లో అప్పటి ఒరిజినల్ డాన్స్‌కు జానపద, దేశీయ నృత్యాల అంశం ఇచ్చారు. డేవిస్, వైట్ భారతీయ నృత్యం ఎంచుకుని, హిందీ సినిమా పాటలకు వాంకూవర్‌లో చేసిన ఆ వీడియో మన దేశంలో కూడా బాగా తిరిగింది. "సరదాగా బాలీవుడ్ పెట్టారు" అనుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లు మిషిగన్‌లోనే ఒక భారతీయ నృత్య గురువు దగ్గర కూర్చుని ముద్రలు, మెడ కదలికలు నేర్చుకున్నారు. ఆ వీడియో మళ్లీ పెట్టుకుంటే చేతులు వదిలేసి కాళ్లు చూడండి. ముద్ర పట్టిన ఆ క్షణంలోనే కింద ఎడ్జ్ మారుతూ ఉంటుంది.

అపోహ: ప్రాక్టీసు సెషన్లకు టికెట్ దండగ.

పోటీ చూడ్డానికి స్వయంగా వెళ్తే ముందు కొనాల్సింది అదే. ధర తక్కువ, జనం తక్కువ, ముందు వరసలో కూర్చోవచ్చు. మీ జంట ఏ లిఫ్ట్‌ను మళ్లీ మళ్లీ చేస్తోంది, ట్విజిల్స్ దగ్గర కోచ్ రింకు చుట్టూ ఉండే అడ్డుగోడ మీదికి వంగి ఏం సైగ చేస్తున్నారు, ఏ మలుపు దగ్గర వేగం తగ్గుతోంది అన్నీ కనిపిస్తాయి. కాస్త పక్కకు చూస్తే నోటు పుస్తకాలతో జడ్జీలు, టెక్నికల్ ప్యానెల్ వాళ్లు కూడా అక్కడే కూర్చుని ఉంటారు. పువ్వులు విసరాలనుకుంటే నిర్వాహకుల్ని అడిగి, గట్టిగా కవరు చుట్టినవే తీసుకెళ్లండి. ఒక్క రేకు మంచుకు అతుక్కున్నా తరవాత వచ్చే జంట బ్లేడు దానిమీద పడుతుంది.