మొబైల్ వీసీఓ నాయిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: వీసీఓ (వోల్టేజీతో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) కొంచెం నాయిసీగా ఉన్నా పర్లేదు, పీఎల్ఎల్ (దాన్ని సరైన ఫ్రీక్వెన్సీకి కట్టి ఉంచే సర్క్యూట్) సరిచేస్తుంది.

వాస్తవం: కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పీఎల్ఎల్ తన లూప్ బ్యాండ్‌విడ్త్ (అది స్పందించగల ఫ్రీక్వెన్సీ పరిధి) లోపలి వీసీఓ నాయిస్‌నే అణచగలదు. ఫోన్లలో అది సాధారణంగా వంద కిలోహెర్ట్జ్ అటూ ఇటూ. జీఎస్ఎం 900 రిసీవర్ పరీక్షలో మన సిగ్నల్ మైనస్ 99 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్). 3 మెగాహెర్ట్జ్ దూరంలో మైనస్ 23 డీబీఎంతో ఇంకో సిగ్నల్ ఉంటుంది, అంటే దాదాపు నాలుగు కోట్ల రెట్లు బలమైనది. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్లో మాట వినడమే ఇది. వీసీఓ ఫేజ్ నాయిస్ (ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండక చుట్టూ చిందే నాయిస్) ఆ బలమైన సిగ్నల్‌ని తెచ్చి మన ఛానెల్ మీద పోస్తుంది. 200 కిలోహెర్ట్జ్ ఛానెల్‌కి, సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య 9 డీబీ తేడా ఉంచి లెక్కేస్తే, ఫేజ్ నాయిస్ హెర్ట్జ్‌కి మైనస్ 138 డీబీసీ (వీసీఓ అసలు సిగ్నల్‌తో పోల్చిన డీబీ) దాటకూడదు. అంత దూరంలో పీఎల్ఎల్ చెయ్యి అందదు. భారమంతా వీసీఓదే.

అపోహ: వోల్టుకి ఎంత ఎక్కువ ట్యూన్ అయితే అంత మంచిది.

వాస్తవం: నన్నడిగితే హ్యాండ్‌సెట్ డిజైన్లు ఎక్కువగా దెబ్బతినేది దీనివల్లే. వోల్టుకి 50 మెగాహెర్ట్జ్ కదిలే వీసీఓ తీసుకోండి. 6 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేడివల్లే పుట్టించే నాయిస్, రూట్ హెర్ట్జ్‌కి 10 నానోవోల్టులు. అంతమాత్రం ట్యూనింగ్ లైన్‌కి (వీసీఓకి వోల్టేజీ ఇచ్చే తీగ) చేరినా చాలు, పైన చెప్పిన మైనస్ 138 దాదాపు మొత్తం దానికే సరిపోతుంది. అదే 5 మెగాహెర్ట్జ్‌కి తగ్గిస్తే 20 డీబీ మిగులుతుంది. అందుకే పెద్ద అడుగులు స్విచ్డ్ కెపాసిటర్లకి వదిలేసి, వారాక్టర్‌ని (వోల్టేజీతో కెపాసిటెన్స్ మారే భాగం) చిన్న సవరణలకే వాడతాం. మరీ తగ్గించకండి. కాల్ మధ్యలో ఫోన్ వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరిగితే, దాన్ని పట్టుకోవాల్సింది ఆ వారాక్టరే.

అపోహ: కరెంటు పెంచితే నాయిస్ తగ్గుతుంది.

వాస్తవం: స్వింగ్ (ఆసిలేషన్ వోల్టేజీ ఎత్తు) పెరుగుతున్నంతవరకే. స్వింగ్ సప్లైకి తగులుకున్నాక అయ్యేది బ్యాటరీ ఖర్చే, నాయిస్ మళ్లీ పెరగనూ వచ్చు. ముందు ఇండక్టర్ క్యూ (ఎంత తక్కువ శక్తి పోగొడుతుందో చెప్పే కొలత) చూసుకోండి.

అపోహ: కొలతలో కనిపించే నాయిస్ అంతా చిప్‌దే.

వాస్తవం: ఒక బోర్డులో సిమ్యులేషన్ కన్నా 7 డీబీ ఎక్కువ వచ్చింది. రెండు రోజులు ట్రాన్సిస్టర్లనే అనుమానించాం. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టలేదు. మూడో రోజు బెంచ్ సప్లై వైర్లు పీకి బ్యాటరీ కట్టాం. స్క్రీన్ మీద గీత కళ్లముందే కిందికి దిగి, సిమ్యులేషన్ గీత మీద కూర్చుంది. అప్పటినుంచి సప్లైకీ ట్యూనింగ్ పిన్‌కీ రెండింటికీ బ్యాటరీ కట్టాకే మొదటి రీడింగ్ తీసుకుంటున్నాను.