పులి మునుగుతుంది, పిల్లి ఉరుకుతుంది

దేవరకొండ దగ్గర ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అడిగింది: "ఎండాకాలం అమ్రాబాద్ అడవిలో పులి నీటిగుంటలో కూర్చుంటుంది కదా, మా పిల్లి మీద నాలుగు చుక్కలు పడితే గోడ ఎందుకు దూకుతుంది?" పిల్లి ఎదురొచ్చిందని ప్రయాణం మానుకునే పెద్దల కన్నా ఈ అమ్మాయే పిల్లిని బాగా గమనించింది.

ఇంటి పిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా పొడి నేలల్లో బతికిన అడవి పిల్లులు, వాటికి ఈతతో పనిలేదు. ఇది అందరూ చెప్పే జవాబే. నాకు నచ్చేది లెక్క.

పులి 200 కిలోలు, పిల్లి 4 కిలోలు అనుకుందాం. బరువు 50 రెట్లు, చర్మ వైశాల్యం మాత్రం సుమారు 14 రెట్లే. అంటే ఒక్కో కిలోకు పిల్లికి దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ చర్మం ఉంది. వేడి పుట్టేది ఒంటి లోపల, ఎక్కువగా పోయేది చర్మం గుండా. కాబట్టి మే నెలలో పులికి వేడి వదిలించుకోవడం సమస్య, తడిసిన పిల్లికి వేడి నిలుపుకోవడం సమస్య. బడిలో ఘనాలు గీయించి బట్టీ పట్టించే ఉపరితల వైశాల్యం ఇదే!

బొచ్చు 100 గ్రాముల నీరు పీల్చిందనుకోండి. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, మొత్తం 58 కిలోకేలరీలు. అందులో కొంత గాలి ఇస్తుంది. అంతా ఒంటి నుంచే పోతే మాత్రం అది పిల్లి ఒక రోజు తిండిలో దాదాపు పావు వంతు.

మరి కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టే నీటి పిల్లి? అదీ చిన్నదే. దాని బొచ్చు పాలమూరు గొంగడి లాంటిది. వానలో మంద వెంట నడిచే కాపరి మీద పైనున్న ముతక ఉన్ని చినుకును జార్చేస్తుంది, లోపల చిక్కగా ఉన్న ఉన్ని గాలిని పట్టి ఉంచుతుంది, ఒంటికి తడి చేరదు. నీటి పిల్లికీ పైన పొడవాటి వెంట్రుకలు, అడుగున పొట్టిగా దట్టమైన పొర. ఇంటి పిల్లి బొచ్చు మెత్తన, నీటిని ఆపలేదు. టర్కీలోని వాన్ సరస్సు ప్రాంతపు పిల్లికి అడుగు పొర దాదాపు ఉండదు, అందుకే తడిసినా త్వరగా ఆరుతుంది. అవి ఈదుతాయని పేరు.

అలవాటు కూడా ఉంది. పిల్లగా ఉన్నప్పుడే నీళ్లు పరిచయమైతే బెదురు తక్కువ. కుళాయి ధారను పంజాతో కొట్టే పిల్లికి కదిలేదంటే సరదా, తడవడం కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి తనను తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. తప్పనిసరిగా స్నానం చేయించాలంటే గోరువెచ్చని నీళ్లు వాడండి, వెంటనే తువ్వాలుతో అద్దండి.