అటెంప్ట్‌ల గొడవలో అసలు చూడాల్సింది ఆ పదమూడు రోజులే

మెడికల్ సీట్ల ఎంట్రన్స్ నీట్‌కి కూడా ఇన్నిసార్లే రాయాలని లిమిట్ పెట్టాలన్న మాట మళ్ళీ లేచేసరికి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు లాంగ్ టర్మ్ పిల్లలున్న, అంటే ఇంటర్ అయ్యాక మళ్ళీ రాయడానికి ఏడాది కోచింగ్ తీసుకునేవాళ్ళున్న ఇళ్ళల్లో ఒకటే టెన్షన్. నన్నడిగితే చూడాల్సింది 2024 నవంబర్, అది ఇంజినీరింగ్ ఎంట్రన్స్ జేఈఈ సంగతే అయినా సరే.

నవంబర్ 5న, ఐఐటీ సీట్ల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్‌ని చూసుకునే జాయింట్ అడ్మిషన్ బోర్డు, వరసగా మూడేళ్ళలో మూడుసార్లు రాసుకోవచ్చు అంది, అంతకుముందు రెండే. అది నమ్మి కొంతమంది అప్పటికే చేరిన కాలేజీ మానేసి మళ్ళీ ప్రిపరేషన్‌లో కూర్చున్నారు. నవంబర్ 18కల్లా అదే బోర్డు లేదు లేదు, పాత రూలే అనేసింది. అంటే చేతిలో ఉన్న సీటూ పోయె, వస్తుందనుకున్న ఛాన్సూ పోయె. కోర్టుకెళ్తే 2025 జనవరి 10న సుప్రీంకోర్టు ఆ 5కి 18కి మధ్య చదువు మానేసినవాళ్ళని రిజిస్టర్ చేసుకోనివ్వమంది, మిగతావాళ్ళకి మాత్రం రెండే. ఏళ్ళకేళ్ళు కోచింగ్‌లో మగ్గిపోకూడదనే లిమిట్ అంటారు, ఆ వాదనా ఉంది.

నీట్‌లో ఇది కొత్తేం కాదు. 2017లో మూడుసార్లే అన్నారు, మరి నీట్‌కి ముందుండే మెడికల్ ఎంట్రన్స్ ఏఐపీఎంటీ రాసినవి కూడా లెక్కేనా అని గోల లేస్తే, 2017దే మొదటి అటెంప్ట్ అని సర్దిచెప్పారు. వయసు 25 దాటకూడదన్న రూల్ ఇంకా ఘోరం, జనరల్‌కి 25, రిజర్వుడ్‌కి 30, కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి 2022 మార్చిలో మెడికల్ చదువుల్ని చూసుకునే ఎన్ఎంసీయే (నేషనల్ మెడికల్ కమిషన్) తీసేసింది. ఇన్నిసార్లే అన్న లిమిటూ తర్వాత నిలవలేదు.

ఇక కాలేజీల సంగతి, కౌన్సెలింగ్‌లో చూసేది ర్యాంకే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సీటొచ్చినోడిది మొదటిసారా మూడోసారా అన్నదాన్ని బట్టి సీటు మారదు. అడ్వాన్స్‌డ్‌కి ముందు రాసే జేఈఈ మెయిన్‌లో అయితే ఒకే ఏడాదిలో రెండుసార్లు రాస్తే మంచి స్కోరే తీసుకుంటారు, దానికెవరూ అభ్యంతరం పెట్టరు. మరి వచ్చే ఏడాది మళ్ళీ రాస్తేనే తప్పా?

మన సరిహద్దు పిల్లలకి ఇంకో తలనొప్పి ఉంది. నీట్ తెలుగు పేపర్ ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. ఒడిశా సెంటర్‌లో రాస్తే ఇంగ్లీషో, హిందీయో, ఉర్దూనో, ఒడియానో. ఇక్కడ ప్లస్ టూ చేసి, వైజాగ్ వెళ్ళి లాంగ్ టర్మ్‌లో చేరి, భాషకి, సిలబస్‌కి అలవాటు పడేసరికే ఒక ఏడాది అయిపోతుంది, వీళ్ళనీ కార్పొరేట్ కాలేజీలో ఆరో క్లాసు నుంచి ఫౌండేషన్ చదివినవాళ్ళనీ ఒకే లెక్కలో కొలిస్తే ఎలా?

పేపర్లో వచ్చిందనో, ప్రెస్ నోట్ చూశాననో చేతిలో ఉన్న సీటు మాత్రం వదులుకోకండి. నీట్ నడిపే ఎన్టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) బులెటిన్‌లో ఏం రాశారో చూసుకుని అప్పుడు తేల్చుకోండి.